వాయించకపోయినా కాగే యాంప్

ప్రశ్న: సార్, నా దగ్గర ముప్ఫై వాట్ల ట్యూబ్ కాంబో గిటార్ యాంప్ (స్పీకరుతో కలిపి ఒకే పెట్టెలో వచ్చేది) ఒకటుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. పవర్ సెక్షన్‌లో నాలుగు ఈఎల్84 ట్యూబులు, రెక్టిఫయర్‌గా, అంటే ఏసీని డీసీగా మార్చడానికి, జీజెడ్34. ఆన్ చేసిన అరగంటకి పైన హ్యాండిల్ దగ్గర చెయ్యి ఆనించలేనంతగా కాగిపోతుంది. గంట దాటాక సౌండు మెత్తబడిపోతుంది, ఒక్కోసారి చిటపటలు కూడా వినిపిస్తాయి. ఏడాదిలో పవర్ ట్యూబులు రెండు సెట్లు మార్చాను. పోయిన నెల ఫ్యూజు ఎగిరిపోయింది. విచిత్రం ఏమిటంటే నేను వాల్యూమ్ మూడు దాటించను, ఇంట్లో ప్రాక్టీసు మాత్రమే. ఒక ఫ్రెండ్ పెద్ద ఫ్యూజు వెయ్యమన్నాడు. ఇంకొకడు రెండు ట్యూబులు పీకేస్తే వేడి సగానికి తగ్గుతుందన్నాడు. చూపించిన మెకానిక్ గారు కొలిచి "ప్లేట్ 322, కేథోడ్ 11, రెసిస్టర్ 50 ఓములు" అని చీటీ రాసిచ్చి, "ఈ రకం యాంపులు ఇంతే" అన్నారు. వెనకాల ఫ్యాను పెట్టుకుంటే సరిపోతుందా? లేక అమ్మేసి ట్రాన్సిస్టర్ యాంప్ కొనుక్కోమంటారా?

జవాబు: ముందు ఫ్యూజు సంగతి తేల్చేద్దాం. మిగతావి వారం ఆగినా ఫరవాలేదు, ఇది ఆగదు. పెద్ద ఫ్యూజు వెయ్యకండి. యాంప్ వెనక ప్యానెల్ మీద ఎంత రాసి ఉంటే అంతే, ఏ రకం రాసి ఉంటే అదే. అంకె ముందు 'టీ' అక్షరం ఉంటే అది స్లో బ్లో రకం. హీటర్లు, అంటే ట్యూబుల్లో వేడెక్కి వెలిగే తీగలు, చల్లగా ఉన్నప్పుడు, ఆన్ చేసిన మొదటి క్షణాల్లో, మామూలు కంటే ఎక్కువ కరెంటు లాగుతాయి. ఆ కాసేపు ఓర్చుకోవడానికే ఆ రకం వేస్తారు. అదే విలువలో ఫాస్ట్ రకం పెడితే కారణం లేకుండానే ఎగిరిపోతుంటుంది. మీ ముందు ఓనరు ఏది పెట్టాడో ఒకసారి చూడండి. సరైన ఫ్యూజే ఎగిరిందంటే మాత్రం లోపల ఏదో ఎక్కువ లాగినట్టే. దాని స్థానంలో పెద్దది వేస్తే, ఈసారి పోయేది ట్రాన్స్‌ఫార్మర్. ట్యూబులు ఎక్కడైనా దొరుకుతాయి. సరిపోయే ట్రాన్స్‌ఫార్మర్ వెతకడమే ఒక పని, దొరికాక దాని ధర చూసి యాంపే వద్దనుకునే పరిస్థితి వస్తుంది.

ఇక అసలు విషయం. వాల్యూమ్ మూడు దాటించను కదా, అయినా ఎందుకు కాగుతోంది అని అడిగారు. మీ యాంప్‌లో వేడికీ వాల్యూమ్‌కీ పెద్దగా సంబంధం లేదు. 1950ల చివర్లో వచ్చిన వాక్స్ ఏసీ30 అనే గిటార్ యాంప్ దారిలో నడిచే డిజైను ఇది: నాలుగు ఈఎల్84లు, నాలుగింటికీ కలిపి ఒకే కేథోడ్ రెసిస్టరు. ట్యూబులో ఎలక్ట్రాన్లని వదిలేది కేథోడ్, వాటిని అందుకునేది ప్లేటు. ఇలాంటి యాంప్‌లో మీరు తీగ ముట్టుకోకపోయినా పవర్ ట్యూబుల్లో నిండుగా కరెంటు ప్రవహిస్తూనే ఉంటుంది. గట్టిగా వాయించినప్పుడు అందులో కొంత స్పీకర్‌కి వెళ్తుంది. మీరు ఊరుకున్నప్పుడు అదంతా ట్యూబుల్లోనే వేడిగా మారుతుంది. అంటే గిటార్ స్టాండులో పెట్టి ఫోన్ మాట్లాడుతున్న ఆ ఇరవై నిమిషాలు కూడా మీ యాంప్ పూర్తిగా పని చేస్తున్నట్టే.

ఎంత వేడి? మీ మెకానిక్ గారి చీటీ చాలా పనికొస్తుంది, దాచుకోండి. 50 ఓముల రెసిస్టరు నాలుగు ట్యూబులకీ ఉమ్మడిది. దాని మీద 11 వోల్టులు ఉన్నాయి. 11ని 50తో భాగిస్తే 0.22 ఆంపియర్లు, అంటే 220 మిల్లీఆంపియర్లు. నాలుగూ సమానంగా పంచుకుంటున్నాయనుకుంటే ఒక్కో ట్యూబుకి 55. అందులో ఓ ఐదు స్క్రీన్ గ్రిడ్ (ప్లేటుకి ముందుండే ఒక తీగల జాలీ) వాటా కింద తీసెయ్యండి, ప్లేటుకి 50 మిగులుతుంది. ప్లేటుకీ కేథోడ్‌కీ మధ్య వోల్టేజీ 322లోంచి 11 పోగా 311. దాన్ని 0.05తో హెచ్చిస్తే పదిహేనున్నర వాట్లు. ఈఎల్84 ప్లేటు తట్టుకోగల గరిష్ఠ పరిమితి 12 వాట్లని డేటాషీట్లలో ఉంటుంది. ఏమీ వాయించకుండానే మీ ట్యూబులు దాదాపు ముప్ఫై శాతం ఎక్కువ మోస్తున్నాయి.

మొత్తం యాంప్ లెక్క కూడా వేద్దాం. నాలుగు ప్లేట్లు కలిపి 62 వాట్లు. ఈఎల్84 హీటరు 6.3 వోల్టుల దగ్గర 0.76 ఆంపియర్లు తీసుకుంటుంది, నాలుగూ కలిపి 19 వాట్లు. జీజెడ్34 హీటరు ఒక్కటే 5 వోల్టుల దగ్గర 1.9 ఆంపియర్లు, తొమ్మిదిన్నర వాట్లు. ప్రీయాంప్‌లో, అంటే గిటార్ సిగ్నల్‌ని మొదట పెంచే భాగంలో, 12ఏఎక్స్7 ట్యూబులు ఒక్కోటి రెండు వాట్ల లోపు. స్క్రీన్లూ కేథోడ్ రెసిస్టరూ ఇంకో ఎనిమిది. ట్రాన్స్‌ఫార్మర్ల సొంత వేడి కలపకముందే వంద వాట్లు దాటిపోయింది. వంద వాట్ల ఫిలమెంటు బల్బు ఒకటి చెక్కపెట్టెలో పెట్టి, పైన మూత వేసి, గంటసేపు వెలిగించినట్టు. కాంబోల్లో ఇంకో తిరకాసు కూడా ఉంది. ఛాసీ, అంటే సర్క్యూట్ బిగించిన లోహపు పెట్టె, పైభాగంలో ఉంటుంది, చాలావాటిలో ట్యూబులు కిందికి వేలాడుతుంటాయి. వేడి గాలి పైకి వెళ్ళి నేరుగా ఛాసీకే తగులుతుంది. మీ హ్యాండిల్ దగ్గర చెయ్యి కాలేది అందుకే.

కాబట్టి "ఈ రకం యాంపులు ఇంతే" అన్నమాటలో అబద్ధం లేదు. ఈఎల్84లని 12 వాట్లు దాటించి నడిపే యాంపులు చాలానే ఉన్నాయి. ఆ సౌండు కోసమే వాటిని కొనేవాళ్ళూ ఉన్నారు. కానీ ఆ మాట సగమే. డిజైనుతో పుట్టిన వేడి ట్యూబు ఆయుష్షు తగ్గిస్తుంది, అంతవరకే. ఏడాదికి రెండు సెట్లు మింగి, ఫ్యూజు ఎగరగొట్టి, గంటకి సౌండుని కుంగదీసే వేడి వేరే. దాని వెనక ఒక లోపం ఉంటుంది, దాన్ని వెతకాలి. ఫ్యాను పెడితే మొదటి రకం వేడి తగ్గుతుంది. రెండో రకాన్ని ఫ్యాను కొన్నాళ్ళు కప్పిపుచ్చుతుంది. అందుకే నేను ఫ్యానుతో మొదలుపెట్టమనను.

చీటీలో ఒక్క సమాచారం లేదు: ఆ కొలతలు ఎప్పుడు తీశారు? ఆన్ చేసిన ఐదు నిమిషాలకా, గంట నడిచాకా? మీ జబ్బు గంట దాటాక బయటపడుతోంది. ఐదో నిమిషంలో కొలిస్తే అది కనపడదు. మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళి, యాంప్ ఆన్ చేసి, పది నిమిషాలకొకసారి అవే రెండు కొలతలు తీసి రాయమనండి. గంటన్నర పడుతుంది, ఆ టైముకి డబ్బులిస్తానని ముందే చెప్పండి. మొహమాటపడి "కాస్త చూడండి" అంటే ఐదు నిమిషాల్లో చూసి పంపించేస్తారు, తప్పు ఆయనది కాదు.

ఆ అంకెలు ఎటు కదిలితే జాడ అటు దొరుకుతుంది. కేథోడ్ 11 నుంచి 13కో 14కో పాకుతూ, ప్లేట్ 322 నుంచి దిగుతూ ఉంటే ట్యూబులు అదుపు తప్పి కరెంటు లాగుతున్నాయి, సప్లై కుంగుతోంది. సౌండు మెత్తబడటానికి అదే సరిపోతుంది. కేథోడ్ ఉన్నట్టుండి సున్నా వైపు పడిపోయిందంటే ఆ 50 ఓముల రెసిస్టరు పక్కనే ఉండే బైపాస్ కెపాసిటర్‌ని అనుమానించాలి. రెసిస్టరు రెండున్నర వాట్ల వేడి విడుదల చేస్తుంటుంది, దానికి ఆనుకుని ఈ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఉడుకుతుంటుంది. వేడెక్కాక అది లోపల షార్ట్ అయితే ట్యూబులకి బయాస్, అంటే కరెంటుని అదుపులో పెట్టే వోల్టేజీ, అన్నదే ఉండదు, కరెంటు విచ్చలవిడిగా పారుతుంది, ఫ్యూజు ఎగురుతుంది. చల్లారాక మళ్ళీ మామూలే. మీరు చెప్పిన ఫ్యూజు కథకి ఇది బాగా సరిపోతోంది. ఖరీదు పెద్దగా ఉండదు కాబట్టి ఎలాగూ దాన్ని కొత్తది వేయించి, రెసిస్టరుకి దూరంగా బిగించమనండి. ఇక రెండు అంకెలూ కదలకుండా ఉండి, సౌండు మాత్రం కుంగుతోందా? అప్పుడు పవర్ ట్యూబులని వదిలేసి, వేడికి వ్యాకోచించి విడిపోతున్న సోల్డర్ జాయింట్లనీ, ట్యూబు సాకెట్లనీ, స్పీకర్‌నీ చూడాలి. ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు మీద కట్టిన యాంపుల్లో ఐదు వాట్ల సిరామిక్ రెసిస్టర్లని బోర్డుకి అంటించి పెడుతుంటారు. ఏళ్ళు గడిచేసరికి వాటి కింద బోర్డు గోధుమరంగుకి తిరుగుతుంది, సోల్డర్ చుట్టూ సన్నటి ఉంగరంలాంటి పగులు వస్తుంది. భూతద్దంతో చూస్తేగానీ తెలీదు. మీ చిటపటల మూలం అక్కడుండే అవకాశం బాగా ఉంది.

చీటీ లెక్కలో నేను "సమానంగా పంచుకుంటున్నాయనుకుంటే" అన్నాను. అది పెద్ద అనుకోవడం. ఉమ్మడి రెసిస్టరు మొత్తం కరెంటునే చూపిస్తుంది. ఒకటి 85 లాగి మిగతా మూడూ 45 చొప్పున లాగినా మొత్తం 220కే వస్తుంది. ఒక్కో ట్యూబు కేథోడ్‌లో 1 ఓము రెసిస్టరు వేయించుకుంటే ఈ బాధ ఉండదు. దాని మీద ఎన్ని మిల్లీవోల్టులు వస్తే ఆ ట్యూబులో అన్ని మిల్లీఆంపియర్లు. నాలుగు చిన్న రెసిస్టర్ల ఖర్చు, ఆ తర్వాత యాంప్ ఉన్నంతకాలం ఉపయోగం.

మెకానిక్ దగ్గరికి వెళ్ళేలోపు మీరే చేయగలిగిన పరీక్ష ఒకటుంది, దానికి ఏదీ విప్పక్కర్లేదు. రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి, యాంప్ వెనకవైపు కాస్త దూరంగా కూర్చుని ట్యూబుల్ని చూడండి. ట్యూబు మధ్యలో, పైన, కింద నారింజ రంగు వెలుగు కనపడుతుంది, అది హీటరు, అలాగే ఉండాలి. గాజు లోపలి గోడకి అంటుకున్నట్టు నీలం రంగు మెరుపు ఉంటే కంగారుపడకండి, మంచి ట్యూబుల్లోనూ వస్తుంది. లోపలి లోహపు భాగాల మధ్య ఊదా, గులాబీ రంగు పొగలా కమ్ముకుని ఉంటే గాజులోకి గ్యాసు చేరిందని అర్థం, ఆ ట్యూబు పని అయిపోయింది. ట్యూబు నెత్తిన అద్దంలా వెండి రంగు పూత ఉంటుంది, అది తెల్లగా పాలిపోతే గాలి లోపలికి వచ్చేసినట్టే. ఇవన్నీ ఒక ఎత్తు. మీరు అసలు చూడాల్సింది ప్లేటుని, అంటే లోపలి బూడిదరంగు లోహపు పెట్టెని. అది ఎప్పుడూ చీకటిగానే ఉండాలి. దాని పక్క గోడ మీద, ముఖ్యంగా అంచు మడత దగ్గర, మందమైన ఎర్రటి మచ్చ కనపడి నెమ్మదిగా పెద్దదవుతుంటే వెంటనే పవర్ ఆపెయ్యండి. మొదటి ఐదు నిమిషాల్లో ఒకసారి, గంట దాటాక ఇంకోసారి చూడండి.

ఎర్రబడుతున్న ట్యూబు దొరికితే ఏ స్థానంలో ఉందో గుర్తుపెట్టుకోండి. ప్లగ్గు పీకి, పూర్తిగా చల్లారనిచ్చి, ఆ ట్యూబుని ఇంకోదాంతో తారుమారు చేసి మళ్ళీ చూడండి. ఎరుపు ట్యూబుతో పాటు వెళ్ళిందంటే తప్పు ట్యూబుది. పాత స్థానంలోనే మళ్ళీ ఎర్రబడిందంటే ఆ సాకెట్టుదో, దాని వెనకున్న భాగాలదో. అలాంటప్పుడు మూడో సెట్టు కొన్నా డబ్బు దండగే. గ్రిడ్‌కి, అంటే ట్యూబులో కరెంటుని నియంత్రించే జాలీకి, సిగ్నల్ తెచ్చే కప్లింగ్ కెపాసిటర్ కొద్దిగా లీకైతే చాలు, డీసీ వోల్టేజీ గ్రిడ్ మీదికి వచ్చి కూర్చుంటుంది, ట్యూబు ఎక్కువ కరెంటు లాగడం మొదలుపెడుతుంది. మెకానిక్ గారు పవర్ ట్యూబులు తీసేసి, సాకెట్టులో రెండో పిన్ దగ్గర డీసీ కొలిస్తే తేలిపోతుంది. అక్కడ సున్నా రావాలి. అర వోల్టు పాజిటివ్ వచ్చినా ఆ కెపాసిటర్ మార్చాల్సిందే. ఇంకో సంగతి, ఎక్కువసేపు కాగిన ట్యూబులో గ్రిడ్ కూడా వేడెక్కి తనే ఎలక్ట్రాన్లు వదలడం మొదలుపెడుతుంది. దాంతో కరెంటు పెరుగుతుంది, కరెంటుతో వేడి, వేడితో మళ్ళీ కరెంటు. "గంట దాటాక" మొదలయ్యే జబ్బులు చాలావరకు ఇలాంటివే.

గోడ ప్లగ్గులో వచ్చే వోల్టేజీ గురించి ఎవరూ మిమ్మల్ని అడిగినట్టు లేరు. చీటీ మీది 322 ఆయన షాపులో వచ్చిన అంకె. మీ ఇంట్లో ఎంత? యాంప్ వెనక వోల్టేజీ సెలెక్టరు 220 మీద ఉండి, మీ ఇంట్లో 240 వస్తుంటే ప్రతిదీ తొమ్మిది శాతం పెరుగుతుంది. 6.3 ఉండాల్సిన హీటరు 6.9కి దగ్గరవుతుంది, 322 కాస్తా 350 అవుతుంది, దాంతో కరెంటు కూడా పెరుగుతుంది కాబట్టి వేడి తొమ్మిది శాతంతో ఆగదు. మల్టీమీటర్ పుల్లలు ప్లగ్ పాయింట్లో దూర్చకండి. సాకెట్టులో గుచ్చితే వోల్టేజీ చూపించే చిన్న మీటర్లు దొరుకుతాయి, అది పెట్టి మీరు వాయించుకునే వేళల్లో చూడండి. సెలెక్టరులో 240 స్థానం ఉంటే దానికి మార్చడం ఉచిత వైద్యం. లేకపోతే వోల్టేజీని పది, ఇరవై వోల్టులు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి మధ్యలో పెట్టించవచ్చు.

మీ యాంప్ సెకండ్‌హ్యాండ్ అన్నారు. అది 120 వోల్టుల దేశం నుంచి వచ్చి, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తోందా? అలా అయితే వెనక లేబుల్ మీద "60 హెర్ట్జ్" అని మాత్రమే ఉందా, "50/60" అని ఉందా చూడండి. స్టెప్‌డౌన్ వోల్టేజీని మారుస్తుంది గానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. 60 హెర్ట్జ్‌కి మాత్రమే కట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌ని 50 మీద నడిపితే దాని కోర్‌లో అయస్కాంత క్షేత్రం ఇరవై శాతం పెరుగుతుంది. అది గుర్రుమంటుంది, ట్యూబులన్నీ తీసేసినా కాగుతుంది. అలాంటిదానికి ఏ బయాసూ ఏ ఫ్యానూ మందు కాదు, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలి.

రెండు ట్యూబులు పీకెయ్యమన్న ఫ్రెండ్ సలహా కొన్ని యాంపుల్లో పనిచేస్తుంది. ఫిక్స్‌డ్ బయాస్ (బయాస్‌ని విడి సప్లై నుంచి ఇచ్చే పద్ధతి) ఉన్న నాలుగు ట్యూబుల యాంప్‌లో పుష్‌పుల్ (సిగ్నల్‌ని చెరో సగం మోసే) రెండు పక్కల నుంచీ చెరొకటి తీసి వాడుకునేవాళ్ళు ఉన్నారు. మీదాంట్లో చేశారో, మిగిలిన రెండూ తొందరగా పోతాయి. నాలుగు ట్యూబుల కరెంటుకి సరిపడా పెట్టిన 50 ఓముల రెసిస్టరులో రెండింటి కరెంటే పారితే దాని మీద వోల్టేజీ తగ్గుతుంది. ఆ వోల్టేజీయే వాటి బయాస్, అదే వాటిని అదుపులో పెట్టేది. అది తగ్గితే మిగిలిన ట్యూబులు ఒక్కోటి ముందుకంటే ఎక్కువ లాగుతాయి. పద్ధతిగా చెయ్యాలంటే రెసిస్టరుని 100 ఓములకి మార్చాలి, ఏ స్థానాల్లోని ట్యూబులు తియ్యాలో వైరింగు చూసి తేల్చాలి, 16 ఓముల స్పీకర్‌ని 8 ఓముల జాక్‌లో పెట్టాలి. ఇంతా చేస్తే దక్కేది 3 డెసిబెల్స్ తగ్గడం, చెవికి "కాస్త తగ్గింది" అనిపించేంత. వేడి మాత్రం నిజంగానే బాగా తగ్గుతుంది. స్విచ్ పెట్టించుకుని చేయించుకుంటానంటే మంచిదే, ఊరికే పీకడం మాత్రం వద్దు.

ఇదే కోవలో ఇంకో సలహా కూడా మీకు రేపో మాపో వస్తుంది: జీజెడ్34 తీసేసి దాని బదులు అదే సాకెట్టులో పట్టే సిలికాన్ డయోడ్ రెక్టిఫయర్ పెట్టెయ్, తొమ్మిదిన్నర వాట్లు మిగులుతాయి అని. మిగిలేది నిజమే. కానీ డయోడ్లలో వోల్టేజీ నష్టం దాదాపు ఉండదు కాబట్టి ప్లేట్ వోల్టేజీ పెరుగుతుంది, ఇప్పటికే మోయలేక మోస్తున్న ఈఎల్84లకి అది గోరుచుట్టు మీద రోకలిపోటు. చెయ్యకండి. జీజెడ్34 మటుకు పాతదై ఉంటే కొత్తది వెయ్యండి, లోపల షార్ట్ అయి ఫ్యూజులు ఎగరగొట్టే అలవాటు వాటికీ ఉంది.

లోపాలన్నీ తేలాక చేయించాల్సిన మార్పు ఒకటుంది. ఆ 50 ఓములని 68కో 75కో మార్పించండి, పది వాట్ల రెసిస్టరు వెయ్యమనండి. ఒక్కో ప్లేటు వేడి పదిహేనున్నర నుంచి పన్నెండు, పదమూడు వాట్ల దగ్గరికి దిగుతుంది. సౌండు మారుతుందా అంటే, వాల్యూమ్ మూడు దగ్గర తేడా చెప్పగలిగే చెవి నాకైతే లేదు. గట్టిగా వాయించినప్పుడు విరుపు కాస్త ముందుగా, కాస్త గరుకుగా వస్తుందని కొందరంటారు. నచ్చకపోతే వెనక్కి మార్చుకోవడం పదిహేను నిమిషాల పని. ప్రీయాంప్‌లోని 12ఏఎక్స్7ల జోలికి పోనవసరం లేదు. వేడిలో వాటి పాత్ర లేదు, అవి ఏళ్ళకేళ్ళు బతుకుతాయి.

ఇప్పుడు ఫ్యాను. కంప్యూటర్లలో వాడే 120 మిల్లీమీటర్ల 12 వోల్టుల ఫ్యానుని ఏడెనిమిది వోల్టుల దగ్గర నడిపితే చప్పుడు దాదాపు వినపడదు, గాలి మాత్రం కావలసినంత వస్తుంది. దానికి విడిగా అడాప్టర్ వాడండి. యాంప్‌లోని హీటరు వైరింగు నుంచి కరెంటు తీసుకుంటే ఫ్యాను మోటారు గోల స్పీకర్లో వినపడుతుంది. వెనకవైపు తెరిచి ఉన్న భాగంలో, ట్యూబులకి కాస్త పైగా, గాలిని బయటికి లాగేలా పెట్టండి. ఛాసీ కింద పేరుకున్న వేడి గాలి కదిలితే చాలు, నేరుగా ట్యూబు మీదికి ఊదనక్కర్లేదు. ఊదినా గాజు పగలదు లెండి, పగిలేది నీటి చుక్క పడితే. గిటార్ ఇన్‌పుట్ జాక్‌కీ, మొదటి ప్రీయాంప్ ట్యూబుకీ దూరంగా ఉంచండి. ముందు జాలీ ఉన్న ఫ్యానే కొనండి, చీకట్లో కేబుల్ కోసం తడుముకుంటూ చెయ్యి పెట్టేది మీరే.

ఫ్యాను వల్ల ఎక్కువ మేలు జరిగేది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకి. అవి 85 డిగ్రీలకో 105 డిగ్రీలకో రేటింగుతో వస్తాయి. పది డిగ్రీలు చల్లగా నడిస్తే ఆయుష్షు రెట్టింపవుతుందన్నది ఎలక్ట్రానిక్స్ వాళ్ళు వాడే ఉజ్జాయింపు లెక్క. మీ యాంప్ ఎప్పటిదో రాయలేదు. పదిహేను, ఇరవై ఏళ్ళు దాటినదైతే, ఇన్నాళ్ళు ఇంత వేడిలో ఉన్నదైతే, ఆ కెపాసిటర్లు ఉబ్బాయా, హమ్ (గుయ్‌మనే చప్పుడు) పెరిగిందా అని ఒకసారి చూపించండి. మార్చేటప్పుడు 105 డిగ్రీలవే వేయించండి.

ట్రాన్స్‌ఫార్మర్ ఎంత వేడిగా ఉందో తెలుసుకోవాలంటే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడండి. మెరిసే లోహం మీద అది తప్పు చూపిస్తుంది, నల్లటి టేపు ముక్క అంటించి దాని మీద గురిపెట్టాలి. 60 డిగ్రీల దగ్గరే మనిషి చెయ్యి నాలుగైదు సెకన్లకి మించి ఆనించలేదు, కాబట్టి "చెయ్యి కాలింది" అన్నది ప్రమాదానికి రుజువు కాదు. పాతకాలపు మామూలు ఇన్సులేషన్, క్లాస్ ఏ అంటారు, దాని హద్దు 105 డిగ్రీలు. లోపలి తీగ చుట్లు బయటి రేకుకంటే వేడిగా ఉంటాయి, అందుకని బయట 75, 80 దాటుతుంటే నేనైతే వదిలిపెట్టను. వార్నిష్ కాలిన వాసన వస్తే థర్మామీటర్ అక్కర్లేదు, ఆపెయ్యడమే. ట్యూబు గాజు 150, 200 డిగ్రీలు చూపించినా భయపడకండి, అది దాని మామూలు స్థితి.

రోజువారీ వాడకంలో రెండు మూడు సంగతులు. గోడకి ఆనించి పెట్టకండి, జానెడు ఖాళీ ఉంచండి. పైనున్న గాలి రంధ్రాల మీద పుస్తకాలు, పెడల్ బోర్డు సంచీ పెట్టే అలవాటు మానండి. వాయించడం అయ్యాక కవరు తొడగడానికి అరగంట ఆగండి, మొయ్యాలంటే కనీసం పావుగంట. వేడి మీదున్న ట్యూబు లోపలి భాగాలు కుదుపుకి తేలిగ్గా దెబ్బతింటాయి. స్టాండ్‌బై (హీటర్లు వెలుగుతుండగా ప్లేట్లకి వోల్టేజీ ఆపే స్విచ్) గురించి ఇంటర్నెట్‌లో జరిగే కొట్లాటల్లోకి నేను దిగను. పది, పదిహేను నిమిషాల విరామమైతే స్టాండ్‌బైలో పెట్టండి, ప్లేట్ల వేడి పూర్తిగా ఆగుతుంది. అరగంట దాటేదైతే పవరే ఆపండి, ప్లేట్ కరెంటు లేకుండా హీటర్లని గంటలకొద్దీ వెలిగించడం కేథోడ్‌లకి మంచిది కాదు. స్పీకర్ కేబుల్ ఊడి ఉండగా యాంప్ ఆన్ చెయ్యడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. ఇంట్లో గట్టి సౌండు కోసం అటెన్యుయేటర్ కొనే ఆలోచన ఉంటే, అది స్పీకర్‌కి వెళ్ళే పవర్‌ని తను వేడిగా మార్చుకుంటుందే తప్ప యాంప్‌ని చల్లబరచదు.

అమ్మడం గురించి. ఇంట్లో, వాల్యూమ్ మూడు మీద, ప్రాక్టీసుకి మాత్రమే అంటే ముప్ఫై వాట్ల ట్యూబ్ యాంప్ మీకు ఎక్కువే. ఈ మాట చెప్పకుండా ఉండలేను. రోజువారీ ప్రాక్టీసుకి ఒక చిన్న ట్రాన్సిస్టర్ యాంపో, రకరకాల యాంపుల సౌండుని డిజిటల్‌గా అనుకరించే మోడలింగ్ యాంపో కొనుక్కోండి. దీన్ని బాగుచేయించి, నలుగురితో కలిసి వాయించే రోజుల కోసం ఉంచుకోండి. వాడకం వారానికి రెండు మూడు గంటలకి తగ్గితే ట్యూబుల ఖర్చూ తగ్గుతుంది. అలా ఇష్టం లేక అమ్మేద్దామనుకున్నా, బాగుచేయించాకే అమ్మండి. గంటకి కుంగిపోయే యాంప్‌ని ఆ సంగతి దాచి అమ్మడం బాగోదు, చెప్పి అమ్మితే సగం ధర కూడా రాదు.

మెకానిక్ దగ్గరికి వెళ్ళేవరకు ఛాసీ మీరు విప్పకండి. ప్లగ్గు పీకి రోజు గడిచినా కెపాసిటర్లలో 300 వోల్టులకి పైగా నిలిచి ఉండొచ్చు, దాన్ని ఖాళీ చేసే పద్ధతి తెలిసినవాళ్ళే చెయ్యి పెట్టాలి. హమ్ వస్తోందని ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేసి ఉంటే మళ్ళీ పెట్టించండి. ఈలోగా వాయించకుండా ఉండలేకపోతే సరైన ఫ్యూజు వేసి, నలభై నిమిషాలకి మించకుండా, వెనకవైపు ట్యూబులు మీకు కనపడేలా యాంప్‌ని తిప్పి పెట్టుకుని వాయించండి. ఆన్‌లో వదిలి గదిలోంచి వెళ్ళొద్దు. ప్లేటు ఎర్రబడితే ఆ రోజుతో ఆపేసి నేరుగా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి.